ముందు సంఘం, తర్వాతే యాప్

కాచిగూడలో పొద్దున్నే ఎక్కిన మంగళూరు రైలు కర్నూలు, డోన్, గుత్తి, తాడిపత్రి, కడపల మీదుగా రేణిగుంట చేరేసరికి సాయంత్రమైంది. అక్కణ్నించి కాట్పాడి, సేలం, కోయంబత్తూరు. పాలక్కాడ్ కనుమ ఎప్పుడు దాటామో నిద్రలో తెలియనేలేదు. ఇంకా చీకటి ఉండగానే కోళికోడ్‌లో దిగాను. కాలికట్ అంటే మనవాళ్లకు చటుక్కున తెలుస్తుంది. 1498లో వాస్కోడగామా వచ్చింది ఈ తీరానికేనని బడిలో బట్టీ పట్టినవాళ్లమే కదా!

కేరళ వెళ్తున్నానంటే తెలిసినవాళ్లు అలెప్పీ పడవలనీ, మున్నార్ తేయాకు తోటలనీ అనుకున్నారు. నేను చూడాలనుకున్నవి వేరు. రోడ్లు వేసే కూలీల సంఘం సొంతంగా కట్టుకున్న ఐటీ పార్కు కోళికోడ్‌లో ఉంది. బీడీ కార్మికుల సంఘం పెట్టుకున్న సాఫ్ట్‌వేర్ విభాగం కన్నూర్‌లో ఉంది. వడ్డించేవాళ్లే యజమానులైన కాఫీ హోటళ్లు ఆ రాష్ట్రం నిండా ఉన్నాయి. పుస్తకాల్లో చదివిన ఈ మూడింటినీ కళ్లారా చూద్దామని బయల్దేరాను.

ఈ ఆసక్తికి మూలం మాత్రం హైదరాబాద్‌లోనే ఉంది. యాప్ మీద కారు నడిపే డ్రైవర్‌ను గానీ, బండి మీద భోజనం తెచ్చిచ్చే కుర్రాణ్ని గానీ కాసేపు మాటల్లో పెట్టి చూడండి. కమిషన్ ఎందుకు పెరిగింది, ఐడీ ఎందుకు బ్లాక్ అయింది, నిన్నటి ఇన్సెంటివ్ ఇవాళ ఎందుకు లేదు అని అడిగితే దాదాపు అందరిదీ ఒకటే జవాబు: ‘ఎవర్ని అడగాలో తెలీదు సార్.’ పేచీ పడదామంటే ఎదురుగా యజమాని లేడు, మేనేజరూ లేడు. చేతిలో ఫోను ఒక్కటే ఉంది. ఇలాంటి పనుల్లో ఉన్నవాళ్లు 2020-21లో 77 లక్షల మంది అని, 2029-30 నాటికి 2.35 కోట్లవుతారని నీతి ఆయోగ్ 2022లో లెక్క కట్టింది.

దీనికి విరుగుడుగా, యాప్ మీద పనిచేసేవాళ్లే యాప్‌కు యజమానులు కావాలన్న ఆలోచన పదేళ్లకు పైగా ప్రపంచంలో తిరుగుతోంది. న్యూయార్క్‌లో పాఠాలు చెప్పే ట్రెబర్ షోల్జ్ 2014లో దానికి ప్లాట్‌ఫామ్ కోఆపరేటివిజం అని పేరు పెట్టాడు. అందులోని సూత్రం పాతదే. డబ్బు ఎంత పెడితే అంత ఓటు అన్నది కంపెనీ పద్ధతి. ఎంత పెట్టినా మనిషికి ఒకటే ఓటు అన్నది సహకార పద్ధతి. 1844లో ఇంగ్లండులోని రోచ్‌డేల్‌లో 28 మంది కలిసి సరుకుల కొట్టు పెట్టుకున్ననాటి నుంచి నడుస్తున్న ధర్మం ఇది. కెనడాలో 2013లో మొదలైన స్టాక్సీ అనే ఫొటోల సంస్థకు ఫొటోలు తీసేవాళ్లు కూడా సొంతదారులే. మామూలు లైసెన్సు మీద అమ్ముడైన ప్రతి ఫొటోకీ వచ్చిన సొమ్ములో సగం తీసినవారి చేతికి వెళ్తుంది. ఫ్రాన్స్‌లో పుట్టిన కోఆప్‌సైకిల్, సైకిళ్ల మీద సరుకు చేరవేసేవాళ్ల సంఘాల సమాఖ్య. తమ సాఫ్ట్‌వేర్‌తో వ్యాపారం చేసే హక్కు సహకార సంఘాలకే ఉండాలని లైసెన్సులోనే రాసిపెట్టుకుంది. న్యూయార్క్‌లో 2021లో డ్రైవర్స్ కోఆపరేటివ్ రోడ్డెక్కింది. ఈ ఉద్యమం వాళ్లు 2022 డిసెంబరులో తమ అంతర్జాతీయ సదస్సును తిరువనంతపురంలో జరుపుకున్నారు. యాప్‌ల రాజధాని బెంగళూరును కాదని కేరళకు ఎందుకు వచ్చినట్టు? నా ప్రయాణానికి ఆ ప్రశ్న కూడా ఒక కారణం.

కోళికోడ్ ఆటోవాళ్ల నిజాయతీకి చుట్టుపక్కల పెద్ద పేరుంది. అడగకుండానే మీటరు వేస్తారు, చిల్లర లెక్కగా తిరిగి ఇస్తారు. స్టేషన్ బయట నేనెక్కిన ఆటో డ్రైవర్ ఖాకీ చొక్కా వేసుకున్న పెద్దమనిషి. వచ్చీరాని హిందీలో ఇద్దరం కబుర్లలో పడ్డాం. “యాప్‌లో నడపరా చేట్టా?” అన్నాను. అక్కడ అన్నను అలాగే పిలుస్తారు. ఆయన మీటరు వైపు వేలు చూపించాడు. “దీని రేటు సర్కారు చెప్తుంది. పేపర్లో పడుతుంది. ఎక్కువంటే మీరు గొడవ చేస్తారు, తక్కువంటే మా యూనియన్ గొడవ చేస్తుంది. యాప్ రేటు ఎవరు చెప్తారు?” అని నన్నే ఎదురడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

బైపాస్ రోడ్డు పక్కన నెల్లికోడ్‌లో ఉంది యూఎల్ సైబర్‌పార్క్. 25 ఎకరాల ఆవరణ, కొబ్బరిచెట్ల మధ్య అద్దాల భవనం, గేటు దగ్గర సెక్యూరిటీ, మెడలో ఐడీ కార్డులు వేసుకుని లోపలికి పోయే పిల్లలు. మాదాపూర్ నుంచి ఒక ముక్క కోసి తెచ్చి పెట్టారా అనిపిస్తుంది. ప్రభుత్వ సైబర్‌పార్క్ కూడా ఆ దగ్గర్లోనే ఉంది. 2016లో తెరిచిన ఈ యూఎల్ పార్కు మాత్రం ఊరాళుంగల్ లేబర్ కాంట్రాక్ట్ కోఆపరేటివ్ సొసైటీది. ఆ పొడుగు పేరు ఎవరూ పలకరు. ఊరాళుంగల్ అన్నా, ఒట్టి సొసైటీ అన్నా అందరికీ తెలుసు. రాళ్లు కొట్టి, మట్టి మోసి, రోడ్లూ వంతెనలూ కట్టే కూలీల సంఘం అది. సాఫ్ట్‌వేర్ చేయడానికి యూఎల్ టెక్నాలజీ సొల్యూషన్స్ అనే కంపెనీ కూడా పెట్టుకుంది.

గేటు ఎదురుగా టీ తాగుతుంటే తెలుగు వినిపించింది. అనంతపురం కుర్రాడు, అక్కడి ఒక కంపెనీలో టెస్టింగ్ ఉద్యోగం. సొంత భాష దొరికిన సంతోషంలో చాలాసేపు మాట్లాడాడు. “ఈ బిల్డింగ్ ఎవరిదో తెలుసా తమ్ముడూ?” అన్నాను. “ఏదో కన్‌స్ట్రక్షన్ కంపెనీదంట అన్నా” అన్నాడు. సంగతి చెప్పాను. నమ్మలేదు. ఫోన్లో వెతికి చూసుకున్నాక ఒక్క మాట అడిగాడు: “అంటే మా బాసుకు బిల్డింగ్ అద్దెకిచ్చింది తాపీమేస్త్రీలా?” అంతే మరి!

ఆ కూలీలు ఇక్కడిదాకా ఎలా వచ్చారో తెలియాలంటే ఉత్తరంగా వడకర వెళ్లాలి. బస్సులో తీరం వెంబడి దారి. అరబిక్కడలి కనపడీ కనపడకుండా పక్కనే వస్తుంటుంది. వడకర దాటాక నాదాపురం రోడ్డు, మడప్పళ్లి, కారక్కాడ్. వందేళ్ల కిందట ఈ చుట్టుపక్కల తియ్య కులంవాళ్లను గుడిలోకి రానిచ్చేవారు కాదు. పనంతా భూస్వాములు ఇస్తేనే. ఆ రోజుల్లో వాగ్భటానందుడనే గురువు విగ్రహపూజనూ కులభేదాన్నీ ఖండిస్తూ ఊళ్లు తిరిగాడు. తలశ్శేరి దగ్గర పాట్యంలో 1885లో పుట్టిన ఆయన 1917లో ఆత్మవిద్యా సంఘం పెట్టాడు. కారక్కాడ్ కుర్రాళ్లు ఆయన వెంట నడిచారు. వాళ్లకు పని ఇవ్వకూడదని పెద్దలు కట్టుబాటు చేశారు. పని లేకపోతే తిండి లేదు. అయినా వాళ్లు దిగి రాలేదు. పిల్లలకు సొంతంగా బడి పెట్టుకున్నారు, అప్పుల కోసం ఐక్య నాణయ సంఘం పెట్టుకున్నారు. 1925 ఫిబ్రవరిలో కూలిపనివారి పరస్పర సహాయ సహకార సంఘాన్ని రిజిస్టరు చేయించారు. 14 మంది సభ్యులు, ఆరణాల మూలధనం. నేటి లెక్కలో 37 పైసలు.

అదే ఇప్పటి ఊరాళుంగల్. సంఘంలో పనిచేసేవాళ్లు వేలల్లో ఉన్నారు. అంతర్జాతీయ సహకార కూటమి వేసే ప్రపంచ జాబితాలో, తలసరి ఆదాయంతో పోల్చి చూసే లెక్కన, పరిశ్రమల విభాగంలో స్పెయిన్‌లోని మోంద్రగోన్ తర్వాత రెండో స్థానం దీనికి వచ్చింది. కొచ్చిలో కట్టిన కొద్దికాలానికే పగుళ్లిచ్చిన పాలారివట్టం ఫ్లైఓవర్‌ను మళ్లీ కట్టాల్సి వచ్చినప్పుడు, ‘మెట్రో మనిషి’ శ్రీధరన్ పర్యవేక్షణలో ఆ పని చేసి 2021లో గడువుకు ముందే అప్పగించింది ఈ సంఘమే.

కారక్కాడ్‌లో రోడ్డు పక్కనే వాగ్భటానంద పార్కు ఉంది. గోడలు, టికెట్లు లేవు. నడిచే దారినే ఉద్యానంగా మలిచారు. సాయంత్రం పూట పిల్లలు బ్యాడ్మింటన్ ఆడుతున్నారు, ముసలివాళ్లు బెంచీల మీద చేరారు. వాళ్లలో ఒకాయన సొసైటీలోనే తాపీపని చేసి విశ్రాంతి తీసుకుంటున్న మేస్త్రి. గల్ఫ్‌లో కొన్నాళ్లు ఉండొచ్చాడట, హిందీ బాగా వచ్చు. నేను అన్నిచోట్లా అడగాలనుకున్న ప్రశ్న ఆయన్నే మొదట అడిగాను: “మీ పైవాడు నచ్చకపోతే ఏం చేస్తారు?”

“దించేస్తాం” అన్నాడు. ఆకాశంలో మబ్బు పట్టింది, వానొస్తుంది అన్నంత మామూలుగా. “డైరెక్టర్లంతా మాలో నుంచి వచ్చినవాళ్లే. పార పట్టినవాళ్లే. పొద్దున సైటు మీద ఉంటారు, సాయంత్రం ఆఫీసులో కూర్చుంటారు. తేడా చేస్తే ఎన్నికల్లో తెలుస్తుంది.”

ఆ సాయంత్రం కూర్చోవడమే ఊరాళుంగల్ కిటుకు. సైట్ల బాధ్యత చూసే డైరెక్టర్లు పని దిగాక కేంద్ర కార్యాలయంలో కలుస్తారు. ఏ సైటులో సిమెంటు తగ్గింది, ఏ యంత్రం ఎక్కడికి పంపాలి, ఏ ముఠాకు రేపు పని ఎక్కడ అన్నది ఏ రోజుకారోజు తేల్చుకుంటారు. ఓటు హక్కున్న సభ్యులు కార్మికులే, పాలకవర్గానికి నిలబడేదీ వాళ్లే. మట్టి తవ్వే యంత్రాలు వచ్చినప్పుడు కూడా ఇలాగే చర్చ జరిగిందట. యంత్రం కొనాలా వద్దా, కొంటే ఎవరి పని పోతుంది, పోయినవాళ్లకు ఎక్కడ చూపిస్తాం అని తేల్చుకున్నాకే కొన్నారు. సంఘం పనులు పెంచుకుంటూ పోయింది కాబట్టి యంత్రాలు వచ్చినా మనుషులు నిలిచారు. మన యాప్‌లలో లెక్క రాత్రికి రాత్రే మారుతుంది, ఆ లెక్క కింద బతికే డ్రైవర్‌కు పొద్దున ఫోను తెరిచాక తెలుస్తుంది. తేడా అంతా అక్కడే ఉంది.

ఐటీలోకి ఎందుకు దిగారన్నదీ సూటిగానే ఉంది. కూలీల పిల్లలు చదువుకున్నారు. ఇంజినీరింగ్ చేసినవాడు తండ్రిలా పార పట్టడు. వాణ్ని ఊళ్లో నిలబెట్టాలంటే వాడికి తగ్గ పని ఊళ్లో ఉండాలి. అందుకే భవనం, అందుకే సాఫ్ట్‌వేర్ కంపెనీ.

అయితే ఇక్కడే ఒక చిక్కుంది. ఆ సాఫ్ట్‌వేర్ సంస్థ ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. దాని వెనకున్న సంఘంలో ఓటు రోడ్డు వేసే కూలీది. ఏసీ గదిలో కోడు రాసే ఇంజినీరుకు ఆ ఓటు ఉద్యోగంతో పాటు రాదు. సైటు మీదైనా చేరగానే ఓటు రాదు, దానికి దశలున్నాయి. బయటి రాష్ట్రాల నుంచి వచ్చి కొన్నాళ్లు పనిచేసి పోయేవాళ్లు ఆ దశలు దాటేదెప్పుడు? ఈ మాట అంటే మేస్త్రి కాదనలేదు. “మా పిల్లలు ఈ పనికి రారు. బెంగాల్ నుంచి వచ్చినవాళ్లతోనే నడవాలి. వాళ్లను సభ్యుల్ని చేసుకోకపోతే రేపు ఓటేసేవాడు ఎవడు?” అన్నాడు. నూరేళ్ల సంఘానికి ఎదురుగా ఉన్న పెద్ద ప్రశ్నను ఆయన రెండు ముక్కల్లో చెప్పేశాడు.

వడకర నుంచి కన్నూర్ వెళ్లే దారిలో మాహే వస్తుంది. మన యానాంకు తోబుట్టువు. కేరళ మధ్యలో పుదుచ్చేరి ముక్క. మద్యం దుకాణాలు కంట పడేంతలో ఊరు దాటిపోతుంది. తలశ్శేరి కోటను కిటికీలోంచే చూసి కన్నూర్‌లో దిగాను.

ఆకలి వేస్తోంది. ఇండియన్ కాఫీ హౌస్ వెతుక్కుంటూ వెళ్లాను. తెల్ల దుస్తులు, తలపాగా మీద విసనకర్రలా విచ్చుకున్న కుచ్చు, నడుముకు పట్టీ. వడ్డించే ఆయన వాలకం చూస్తే పాతకాలపు దివాణంలోకి వచ్చామా అనిపిస్తుంది. మసాలా దోశ విప్పితే లోపల కూర ఎర్రగా ఉంది. బీట్‌రూట్. మనకు దోశలో ఆలుగడ్డ తప్ప మరొకటి ఉండకూడదు కాబట్టి మొదటి ముద్ద కొంచెం ఆలోచించే తిన్నాను. రెండోదానికి అలవాటైపోయింది. ఫిల్టర్ కాఫీ మాత్రం ఏ వంకా పెట్టడానికి లేదు.

ఈ హోటళ్లు ఒకప్పుడు కాఫీ బోర్డువి. 1950ల్లో బోర్డు వాటిని మూసేయాలనుకుంది. పనివాళ్లు రోడ్డున పడే వేళ కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె. గోపాలన్ వాళ్లకు చెప్పిన ఉపాయం సహకార సంఘం. 1957లో బెంగళూరులోనూ ఢిల్లీలోనూ సంఘాలు మొదలయ్యాయి, 1958 మార్చిలో త్రిస్సూర్‌లో కేరళ మొదటి కాఫీ హౌస్ తెరిచారు. ఉత్తర కేరళ హోటళ్లను కన్నూర్ కేంద్రంగా ఉన్న సంఘం నడుపుతోంది. గిన్నెలు కడిగే పనితో చేరినవాళ్లు మేనేజర్ దాకా ఎదగడం ఇక్కడ మామూలు. బిల్లు తెచ్చినాయన్ను నా ప్రశ్న అడిగితే నవ్వాడు. “ఎన్నికలున్నాయి సార్” అని కప్పులు తీసుకుని వెళ్లిపోయాడు. ఆయనకు అంతకంటే చెప్పడానికి ఏముంటుంది?

కన్నూర్‌లో నేను ఎక్కువసేపు గడిపింది దినేశ్ బీడీ పని హాల్లో. పెద్ద హాలు. వరసగా కూర్చున్నవాళ్ల ఒళ్లో చేట, చేటలో పొగాకు, కత్తిరించిన తునికాకు, దారం. చేతులు చూడకుండానే చుట్టేస్తున్నాయి. పొగాకు ఘాటు మొదట గొంతులో పట్టేస్తుంది. కాసేపటికి ముక్కు సర్దుకుంటుంది. ఎక్కువమంది వయసు మళ్లిన ఆడవాళ్లు. ఒకామె చేతిలో ఆకు చుట్టుకుని కొన మడిచి దారం వేయడానికి నాకు రెప్పపాటు పట్టినట్టనిపించింది. నన్ను చూసి మళ్లీ నెమ్మదిగా చేసి చూపించింది. అప్పటికీ అంతుపట్టలేదు.

1968లో బీడీ కార్మికుల చట్టాన్ని కేరళ అమలుచేయబోతే, ఆ ఖర్చు భరించలేమని మంగళూరు యజమానులు ఇక్కడి బ్రాంచీలు మూసి వెళ్లిపోయారు. వేల మందికి పని పోయింది. 1969 ఫిబ్రవరిలో కార్మికులూ ప్రభుత్వమూ కలిసి దినేశ్ బీడీ సంఘాన్ని నిలబెట్టారు. ఊళ్లలో ప్రాథమిక సంఘాలు, వాటి మీద కన్నూర్‌లో కేంద్ర సంఘం. మంచి రోజుల్లో 42,000 మంది దాకా ఇందులో పనిచేశారు. బోనసు, సెలవులు, పింఛను వచ్చాయి. జనం పొగ మానేస్తుంటే సంఘం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. కొబ్బరిపాలు, మసాలాపొడులు, గొడుగులు, బట్టలు, చివరకు సాఫ్ట్‌వేర్ విభాగం కూడా పెట్టింది. బీడీ రోజుల బలగంతో పోలిస్తే ఇవన్నీ చిన్నవే. ఒక సరుకు పడిపోయినంత మాత్రాన సంఘం పడిపోనక్కర్లేదని మాత్రం రుజువైంది.

ఈ హాళ్లకు ఇంకో చరిత్ర ఉంది. పని నడుస్తుండగా ఒకరు కూర్చుని దినపత్రికలూ పుస్తకాలూ పైకి చదివేవారు. చదివేవాడి రోజుకూలి తగ్గకుండా మిగతావాళ్లు తలా కొన్ని బీడీలు చుట్టి ఇచ్చేవారు. అందరూ ఒకే వార్త విన్నారు, దాని మీద వాదించుకున్నారు, సాయంత్రం యూనియన్ మీటింగుకు పోయారు. సంఘం రాకముందే సంఘజీవులయ్యారు.

ఆ హాల్లో కూర్చుని ఉండగా నిజామాబాద్, జగిత్యాల ఆడవాళ్లు గుర్తొచ్చారు. తెలంగాణలో లక్షల మంది ఇళ్లలోనే కూర్చుని బీడీలు చుడతారు. ఆకు, పొగాకు టేకేదారు ఇస్తాడు. వెయ్యికి ఇంతని లెక్క. చుట్టి తెచ్చినవాటిలో కొన్నింటిని బాగాలేవని పక్కన పడేస్తే ఆ నష్టం ఆమెదే. ఎందుకు బాగాలేవో అడగడానికి పక్కన ఇంకో మనిషి ఉండదు. యాప్ పనుల్లో ఆ వెయ్యి బీడీల లెక్క కాస్తా ఒక్క ఆర్డరు లెక్కగా మారింది, టేకేదారు స్థానంలో ఫోను వచ్చింది. పని పద్ధతి అదే. రైడర్‌కు రేటింగ్ తగ్గినా అంతే, అతనొక్కడే ఫోనుతో కుస్తీ పట్టాలి. కన్నూర్‌లో హాలు ఉంది. మన దగ్గర లేనిది ఆ హాలే. యాప్ మనుషుల్ని విడివిడిగా ఉంచుతుంది, దాని బలం కూడా అక్కడే ఉంది.

ముందు మనుషులు ఒకచోట చేరాలన్న ఈ ముక్క మరిచిపోయి ఇదే కేరళ ఒక ప్రయోగం చేసింది. 2022 ఆగస్టు 17న రాష్ట్ర కార్మిక శాఖ తిరువనంతపురంలో కేరళ సవారీ అనే టాక్సీ, ఆటో యాప్ తెచ్చింది. ఒక రాష్ట్ర ప్రభుత్వమే ఇలాంటి యాప్ నడపడం దేశంలో అదే మొదలు. మొదట్లో 8 శాతం సర్వీసు చార్జీ. ఉద్దేశం ఉత్తమం, లెక్క న్యాయం. అయినా జనం అనుకున్నంతగా ఎక్కలేదు, డ్రైవర్లు అనుకున్నంతగా చేరలేదు. అది ప్రభుత్వం డ్రైవర్లకు ఇచ్చిన యాప్. డ్రైవర్లు తమకోసం కట్టుకున్నది కాదు. ఆరణాలతో సంఘం కట్టిన నేల మీదే యాప్ ముందొచ్చి సంఘం మరుగున పడింది.

కన్నూర్ నుంచి రాత్రి రైలెక్కి బెంగళూరు వచ్చాను. అక్కడ కావాలనే నమ్మ యాత్రి యాప్‌లో ఆటో పిలిచాను. ఇది 2022 నవంబరులో ఆటో డ్రైవర్ల యూనియన్ ఊతంతో మొదలైన యాప్. జస్‌పే అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ తయారుచేసింది. కోడు అందరికీ తెరిచి పెట్టింది. ప్రయాణానికి ఇంతని కమిషన్ కోయదు, డ్రైవర్ రోజుకు ఇంతని చందా కడితే చాలు. హైదరాబాద్‌లో మన యాత్రి పేరుతో వచ్చింది కూడా ఇదే.

వచ్చిన డ్రైవర్‌ది చింతామణి. ఆ వైపు ఇళ్లలో తెలుగే మాట్లాడతారు. నా యాస విని గుర్తుపట్టేశాడు. “రోజుకు పాతిక రూపాయలు కడితే మిగతాదంతా నాదే సార్. ముందరి యాప్‌లో ఇంతలేసి పోతాండె” అన్నాడు. ఆ మాటలో సంతోషం నిజమైనదే.

“రేపు పాతికను యాభై చేస్తే?”

కాసేపు ట్రాఫిక్‌లో దారి చేసుకుంటూ మాట్లాడలేదు. “చేస్తే ఏం చేస్తాం సార్? ఇంగో యాప్ చూసుకోవాల.”

కారక్కాడ్ మేస్త్రి ‘దించేస్తాం’ అన్నాడు. చింతామణి డ్రైవర్ ‘ఇంగో యాప్ చూసుకోవాల’ అన్నాడు. నేను ఈ దారంతా అడుగుతూ వచ్చిన ప్రశ్నకు ఈ రెండు జవాబుల మధ్యే మొత్తం ఉంది. తక్కువ కోసే యాప్ మంచి యాప్. కానీ అది దయ మీద నడుస్తుంది. ఓటున్న యాప్ హక్కు మీద నడుస్తుంది. ఒక యాప్‌ను సహకార యాప్ అనాలా వద్దా అన్నదానికి నా దృష్టిలో ఇదొక్కటే పరీక్ష: నడిపేవాణ్ని పనిచేసేవాడు దించగలడా?

ఆ పరీక్ష ఇప్పుడు మనకు పనికొస్తుంది. అమూల్, ఇఫ్కో, నాబార్డ్ వంటి పెద్ద సంస్థలు కలిసి 2025లో సహకార్ టాక్సీ కోఆపరేటివ్‌ను రిజిస్టరు చేయించాయి, భారత్ టాక్సీ పేరుతో ఢిల్లీలో యాప్ నడపడం మొదలైంది. పేరులో సహకారం ఉన్నందుకు సంతోషిద్దాం. సభ్యుడైన డ్రైవర్ ఓటుకు అందులో ఎంత బరువుందో చూసి మార్కులు వేద్దాం. పైనుంచి కట్టిన సంఘం కిందివాళ్ల చేతికి రావడానికి కాలం పడుతుంది, రాకపోయినా ఆశ్చర్యం లేదు.

కింది నుంచి కట్టడం మనకు కొత్తా అంటే, కాదు. తెలంగాణలోని ముల్కనూరులో 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి మొదలుపెట్టిన రైతుల సంఘం ఇవాళ్టికీ నిలబడి ఉంది. దాని పక్కనే ఆడవాళ్లు 2000లో సొంత డెయిరీ పెట్టుకున్నారు. సహకార శాఖ అధికారుల పెత్తనం లేకుండా సభ్యులే నడుపుకునే సంఘాలకు దేశంలో మొదటిసారి చట్టం చేసింది మన ఉమ్మడి ఆంధ్రప్రదేశే. 1995 నాటి ఆ పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం, మ్యాక్స్ చట్టం, ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. వేర్వేరు కుటుంబాలకు చెందిన పది మంది చాలు, సంఘం రిజిస్టరు చేసుకోవచ్చు. సహకార సంఘం పెట్టుకోవడం 97వ రాజ్యాంగ సవరణతో ప్రాథమిక హక్కు కూడా అయింది. యాప్ రాయడం ఇప్పుడు బ్రహ్మవిద్య కాదు. తెరిచి పెట్టిన కోడు ఉంది, దాన్ని మనకు తగ్గట్టు మార్చగల పిల్లలు గల్లీకొకరు ఉన్నారు.

కాబట్టి హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో ఫోను చూసుకుంటూ ఆర్డరు కోసం చెట్టు కింద ఆగే అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు నా మనవి ఒక్కటే. మంచి యాప్ వస్తుందని ఎదురుచూడకండి. ముందు ఆ చెట్టు కింద పది మంది కూర్చోండి. లెక్కల పుస్తకం ఒకటి పెట్టుకోండి, ఎవరు అధ్యక్షుడో ఓటేసి తేల్చుకోండి, నచ్చకపోతే దించే షరతు మొదటి పేజీలోనే రాసుకోండి. యాప్ సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.